మగ్గు మీద గీతలు

ఆ వేసవికి మా ఆయన దగ్గర ఒక్క మాటే మిగిలింది. "సరే."

కాఫీ ఇవ్వనా అంటే సరే. కాలు నొప్పిగా ఉందా అంటే సరే. కోపం వస్తే పళ్లెం అవతలికి నెట్టేసి "సరే! సరే!" అని అరిచేవారు. ముప్పై ఏళ్లలో నేను చెప్పినదానికి ఒక్కసారైనా సరే అన్న మనిషి కాదు. నవ్వాలో ఏడవాలో తెలియక మొదటి వారం వంటింట్లోకి వెళ్లి రెండూ చేశాను.

చలికాలం చివర్లో ఒక పొద్దున్న పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి, మాట, మూడూ ఒకేసారి పోయాయి. కాలు తొందరగానే తిరిగొచ్చింది, కాస్త ఈడుస్తూ. చెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం లోపలెక్కడో చిక్కుకుపోయింది. "ఆయనకి అన్నీ తెలుస్తాయమ్మా, బయటికి రావడానికే దారి లేదు" అన్నారు డాక్టరు. మొదటి ఆరునెలల్లో ఎంతొస్తే అంత, తరవాత వచ్చేది తక్కువ అని కూడా అన్నారు.

కొండ దాటాక, నలభై కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం మూడు గంటల వేళ మాకు ఇచ్చారు. ఆ వేళ కోసం చాలామంది కాచుకుని ఉన్నారు. వరసగా మూడుసార్లు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని మొదటి రోజే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

బస్సు మెట్టు ఆయన కాలికి అందదు. ఒకసారి అద్దె కారు పిలిస్తే, సగం దారిలో నడుస్తున్న కారు తలుపు తీశారు. ఆ డ్రైవరు నాకు దండం పెట్టి, మమ్మల్ని వెనక్కి తెచ్చి దింపేశాడు. ఆయన నోరెత్తకుండా ఎక్కి కూర్చునేది ఒక్క మా నీలం కారే. పదిహేడేళ్ల కారు, అన్నేళ్లూ ఆయనే నడిపారు. నేను పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకున్నాను గాని బజారు దాటి ఎన్నడూ పోలేదు. "నువ్వు గేరు మారుస్తుంటే నా పళ్లు నూరుతున్నట్టుంటుందోయ్" అనేవారు.

ఇప్పుడు పక్కసీట్లో కూర్చుని పళ్లు నూరుకోవడం ఆయన వంతయింది.

*

మొదటి ప్రయాణంలోనే, కొండ ఎక్కుతుండగా, వేడి చూపించే ముల్లు మధ్యగీత దాటింది. నేను రోడ్డు చూస్తున్నాను, ఆయన ముల్లు చూస్తున్నారు. ఎడమచేత్తో నా మోచెయ్యి తట్టి "సరే, సరే, సరే" అన్నారు. నేను బాగా నడుపుతున్నానని మెచ్చుకుంటున్నారనుకున్నాను. నా మొహానికి మెప్పు కూడానా అని ఆ తరవాత అనిపించింది. ముల్లు ఎర్రగీత తాకేసరికి బానెట్ అంచునుంచి ఆవిరి మొదలైంది.

ఒక ప్రకటన బోర్డు నీడలో ఆపాను. ముప్పావుగంట కూర్చున్నాం. మాట్లాడుకోవడానికేమీ లేదు. ఇదివరకూ పెద్దగా ఉండేది కాదు గాని, అప్పుడు మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకోలేదు. అది వేరే సంగతి.

చల్లారాక నింపడానికి మంచినీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. అది పోసి, నత్తనడకన ఆసుపత్రికి చేరి, వచ్చేటప్పుడు మెకానిక్ షెడ్డు దగ్గర ఆపాను. అక్కడి మెకానిక్‌ని అందరూ మేస్త్రి అంటారు. నెరిసిన మీసం, చెవి వెనక స్క్రూడ్రైవరు. పెన్సిలుండాల్సిన చోట.

"సారు ఇక్కడికి రాక ఎన్నేళ్లయిందమ్మా! నామీద అలిగారేమో అనుకున్నా" అని మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"సరే" అన్నారు మా ఆయన.

మేస్త్రి నా వంక చూశాడు. నేను చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని, ఇంకేమీ అడగకుండా బానెట్ ఎత్తాడు. రేడియేటర్ మూత తీసి, "చుక్క లేదు. అంతా మరిగిపోయింది" అన్నాడు. నీళ్లు నింపి, ఇంజన్ ఆడించి, ఫ్యాన్ తిరగడం చూశాడు. "థర్మోస్టాట్ పోయుంటుంది. ఇంజన్ వేడెక్కగానే తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే తలుపు లాంటిది. అది బిగుసుకుపోతే నీళ్లు లోపలే మరుగుతాయి. కొత్తది వేస్తాను."

వేశాడు. బుధవారం కొండ ఎక్కేటప్పుడు ముల్లు మధ్యగీతకి కాస్త పైన ఆగింది. శుక్రవారం ఇంకా పైకి వెళ్లింది. సోమవారం మళ్లీ బోర్డు నీడ.

నాకు సగంసగం పనులంటే గిట్టదు. ఒక నోటుపుస్తకం తీసుకుని కారులో పెట్టుకున్నాను. తేదీ, బయలుదేరిన వేళ, ఎక్కడ ఎంత వేగం, ముల్లు ఎక్కడుంది, అన్నీ రాసేదాన్ని. రేడియేటర్ పక్కన నీళ్లు తగ్గితే అందించే ప్లాస్టిక్ సీసా ఒకటుంటుంది. దానిమీద రెండు గీతలుంటాయి. రోజూ బయలుదేరేముందు టార్చి వేసి చూసేదాన్ని. నీళ్లు పైగీత దగ్గరే ఉండేవి. ప్రతిరోజూ "సీసా: నిండుగా" అని రాసి టిక్కు పెట్టేదాన్ని. ఎంత తిన్నగా పెట్టేదాన్నో ఆ టిక్కులు!

మా ఆయనకి పొద్దున్నే ఒక కొత్త పేచీ మొదలైంది. లేచీ లేవగానే కాలీడ్చుకుంటూ కారు షెడ్డులోకి వెళ్లేవారు. డ్రైవరు పక్క తలుపు పట్టుకుని లాగేవారు. మొదటి రోజే చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. "ఏమండీ, ఇప్పుడే నడపకూడదన్నారు కదా. బాగయ్యాక మీరే నడుపుదురుగాని." "సరే! సరే!" అని బానెట్ మీద అరచేత్తో కొట్టారు. తాళం చెవి బియ్యం డబ్బాలో దాచి, కారు తాళం వేసి ఉంచడం మొదలుపెట్టాను. ఆయన రోజూ వెళ్లి తలుపు లాగేవారు, నేను రోజూ తీసుకొచ్చేదాన్ని.

నిజానికి ఆయన పొద్దున్నపూట షెడ్డులోకి వెళ్లడం కొత్తేమీ కాదు. కాఫీ కప్పు పట్టుకుని అక్కడికే పోయేవారు ఎప్పుడూ. పావుగంట తరవాత వచ్చేవారు. ఇంట్లో ఉండేదే ఇద్దరం, అందులో ఒకరు కారుతో కాఫీ తాగుతారు. మొదట్లో పిలిచేదాన్ని. ఆ తరవాత నా కప్పు నేను కిటికీ దగ్గర తాగడం అలవాటు చేసుకున్నాను.

*

మాట నేర్పే అమ్మాయికి ఇరవై ఆరేళ్లుంటాయి. బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపిస్తుంది. కుక్క, గొడుగు, చెంచా. మా ఆయన గొడుగు వంక చాలాసేపు చూసి, పెదవులు కూడగట్టుకుని, "స..." అన్నారు.

"గొడుగు" అన్నాను నేను.

ఆ అమ్మాయి అట్ట కింద పెట్టింది. "ఆంటీ, ఒక మాట చెప్తే ఏమనుకోరు కదా?"

"చెప్పమ్మా."

"అంకుల్ నోరు తెరిచేలోపే మీరు చెప్పేస్తున్నారు. పోయినసారీ అంతే. ఆయన ఏది మొదలుపెట్టినా చివరిదాకా పోనివ్వండి. మాటే కాదు, పనైనా అంతే. మీకు సాయం చెయ్యాలనిపించినప్పుడు మనసులో పది లెక్కపెట్టండి."

"పదికీ రాకపోతే?"

"మళ్లీ ఒకటినుంచి" అంది నవ్వుతూ.

ఆ సాయంత్రం ఆడపడుచు ఫోను చేస్తే ఈ మాట చెప్పి ఊరుకోలేకపోయాను. ఆమె పగలబడి నవ్వింది. "ముప్పై ఏళ్లు మా అన్నయ్యని మాట్లాడనివ్వలేదు కదా వదినా, ఇప్పుడు మాట్లాడించడానికి కొండలెక్కి తిరుగుతున్నావా!"

ఆమె మేలమాడింది, అంతే. మా ఇద్దరి మధ్యా అలాంటివి మామూలే. నేనూ నవ్వి, నీ మొగుడు మాట్లాడగా విన్నవాళ్లెవరే అన్నాను.

*

మేస్త్రి తీసేసిన పాత థర్మోస్టాట్ అడిగి తెచ్చుకున్నాను. అరచేతిలో పట్టేంత, ఇత్తడి ముక్క. కాలేజీలో నేను చదివింది రసాయనశాస్త్రం. పెళ్లయ్యాక అది పాలు తోడు వెయ్యడానికీ, మరకలు వదిలించడానికీ పనికొచ్చింది. ఒక పాతగిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారం కట్టి వేలాడదీసి, పొయ్యి వెలిగించాను. మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

నీళ్లు వేడెక్కాయి. గిన్నె అడుగున బుడగలు లేచాయి. అవి పైకి రావడం మొదలయ్యాక, ఆ ఇత్తడి ముక్క కప్ప నోరు తెరిచినట్టు మెల్లగా తెరుచుకుంది. పొయ్యి ఆర్పాను. చల్లారుతూంటే మెల్లగా మూసుకుంది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ తెరుచుకుంది.

మా ఆయన నవ్వారు. పక్షవాతం తరవాత అదే మొదటి నవ్వు. ఒక పక్కకే వచ్చింది గాని నవ్వే. నేను మూడోసారి కూడా వెలిగించాను, అవసరం లేకపోయినా.

మర్నాడు దాన్ని మేస్త్రి బల్లమీద పెట్టాను. "ఇది బాగానే ఉంది మేస్త్రిగారూ. మరిగేలోపే తెరుచుకుంటోంది."

ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, మీరు దీన్ని వండారా?"

"వండాను."

"ఉప్పు సరిపోయిందా?"

నాకు నవ్వొచ్చింది. కాని జబ్బు మాత్రం దొరకలేదు. మూత మార్చాడు, బెల్టు బిగించాడు. "ముల్లు పైకి పోతుంటే కారులో హీటర్ పూర్తిగా పెట్టండి. ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. మీరు ఉడుకుతారు, అది బతుకుతుంది" అన్నాడు.

శుక్రవారం ఎండ నిప్పులు చెరుగుతోంది. కొండ మొదట్లోనే ముల్లు లేచింది. ఆ ఎండలో హీటర్ పెట్టాను. వేడిగాలి కోసం మొహం బిగించుకుని కూర్చుంటే చల్లగాలి వచ్చింది. ఈ హీటర్ కూడా పోయిందన్నమాట అని విసుక్కుని, ఆపి, నోటుపుస్తకంలో రాసుకున్నాను: "హీటర్ పనిచేయడం లేదు. చల్లగాలి." ఇంకో మలుపు తిరిగేసరికి ఆవిరి రోడ్డు కనిపించనంతగా కమ్మేసింది. ఆ రోజు ఆసుపత్రికి చేరలేదు. ఎవరో లారీ అతను మమ్మల్ని మేస్త్రి షెడ్డు దాకా తాడు కట్టి లాక్కొచ్చాడు. మా ఆయన దారిపొడుగునా ఆ తాడునే చూస్తూ కూర్చున్నారు.

సోమవారమూ వెళ్లలేదు. ఆ సాయంత్రం మేస్త్రి మొహమాటంగా చెప్పాడు. "నీళ్లు ఎక్కడా కారట్లేదమ్మా, కింద తడి లేదు. అయినా పోతున్నాయి. హెడ్ గాస్కెట్, అదే ఇంజన్ మూత కింద ఉండే రేకు, పోయి ఇంజన్ లోపలే తాగేస్తోందనుకుంటా. ఇంజన్ మొత్తం విప్పాలి. పదిహేను రోజులు పడుతుంది. ఈ వయసు బండికి... ఇనుప సామాను వాడికిచ్చేయడం మేలేమో ఆలోచించుకోండి."

రెండు అయ్యాయి. బుధవారం మూడోది.

కారు ఇంటికి తెచ్చుకున్నాను. షెడ్డులో పెట్టి, ఇంక తాళం వెయ్యాలని కూడా అనిపించలేదు.

*

మంగళవారం పొద్దున్న మెలకువ వచ్చేసరికి పక్కన ఆయన లేరు. వంటింటి తలుపు తీసి ఉంది. చెప్పుల్లేకుండానే పరిగెత్తాను.

ఆయన డ్రైవరు పక్క తలుపు తీసి, వంగి ఉన్నారు. నోరు తెరిచాను, ఏమండీ అనడానికి. అప్పుడు ఆ అమ్మాయి గుర్తొచ్చింది. షెడ్డు గుమ్మంలో ఆగి, ఒకటి, రెండు, అనుకున్నాను.

ఆయన ఎక్కి కూర్చోలేదు. స్టీరింగు కిందకి ఎడమచెయ్యి పెట్టి ఏదో లాగారు. టక్కున చప్పుడైంది. బానెట్ కాస్త పైకి లేచింది.

పది అయింది. మళ్లీ ఒకటి.

ముందుకి వచ్చి, బానెట్‌ని ఎడమచేత్తో ఎత్తి, భుజంతో ఆపి, ఊచ నిలబెట్టారు. అది మూడుసార్లు జారింది. నా చేతులు వాటంతటవే లేచాయి. చీరకొంగు గట్టిగా పట్టుకుని ఉండిపోయాను. తరవాత ఆయన షెడ్డు మూలకి వెళ్లారు. అక్కడ పాతటైరొకటి గోడకి ఆనించి ఉంటుంది. దాని బొక్కలోంచి ఒక గుడ్డముక్కా, ఒక పచ్చ ప్లాస్టిక్ మగ్గూ తీశారు.

ఆ మగ్గు నాకు తెలుసు. నాలుగేళ్ల క్రితం స్నానాలగదిలోంచి మాయమైంది. రెండు రోజులు ఇల్లంతా వెతికి, నేను ఎక్కడో పెట్టి మరిచిపోయానని నన్నే తిట్టుకున్నాను. మతిమరుపు మొదలైందా అని భయపడి ఎవరికీ చెప్పలేదు కూడా. అప్పుడు ఆయన పేపరు చదువుతున్నారు.

పెరటి కుళాయి కింద మగ్గు పట్టి, కళ్లకి ఎదురుగా ఎత్తి చూసుకుని, కొంచెం పారబోసి, మళ్లీ చూసుకున్నారు. వంకరటింకర అడుగులతో వచ్చి, రేడియేటర్ మూత మీద గుడ్డవేసి, అరచేత్తో నొక్కి తిప్పారు. అది తిరిగేసరికి నేను పధ్నాలుగు పదులు దాటి లెక్క తప్పాను. నీళ్లు పోశారు. ఒలకలేదు. నీళ్లు మూతి అంచుదాకా వచ్చి, అక్కడ ఆగాయి. మూత బిగించి, చుట్టూ తుడిచి, గుడ్డ నాలుగు మడతలు పెట్టి, మగ్గులో కుక్కి, టైరులో పెట్టేశారు. ఏదో మరిచిపోయినట్టు ఒక్క క్షణం నిలబడ్డారు. కాఫీ కప్పు అనుకుంటాను.

వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"సరే" అన్నారు.

ఆయన లోపలికి వెళ్లాక మగ్గు తీసి చూశాను. లోపలివైపు మేకుతో గీసిన గీతలు మూడున్నాయి. అన్నిటికన్నా కిందది అరిగిపోయి వేలికే తెలుస్తోంది. దానికి వేలెడు పైన ఇంకొకటి. అన్నిటికన్నా పైది తెల్లగా, కొత్తగా ఉంది. ఎప్పుడు గీశారో, ఏ గీత దగ్గర ఎన్నాళ్లు గడిచాయో.

రేడియేటర్ మూత తీశాను. పక్కన ప్లాస్టిక్ సీసా, ఎప్పటిలాగే నిండుగా, పైగీత దగ్గర. రేడియేటర్ ఖాళీ అవుతుంటే అది అందించాల్సింది. ఎక్కడో సందుంటే లోపలికి గాలే పోతుంది, సీసా నీళ్లు కదలవు. నేను ఇన్నాళ్లూ టార్చి వేసి చూసింది కదలని నీళ్లని. మూతి లోపల అంచున తెల్లగా పెచ్చు కట్టి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. ఆ పొడి నాకు బాగా తెలుసు. స్నానానికి మా కుళాయి నీళ్లు కాచిన ప్రతి గిన్నెకీ అది పడుతుంది. వారానికోసారి నిమ్మఉప్పు వేసి మరిగించి వదిలిస్తాను. అందుకే వంటింట్లోకి ఆ నీళ్లు రానివ్వను. షెడ్డు నా రాజ్యం కాదు.

నాలుగేళ్లు. రోజూ కాఫీవేళ.

చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నమే కారుని మేస్త్రి దగ్గరికి పంపి, సాయంత్రానికి బాగుచేయించేదాన్ని. అది ఆయనకి తెలుసు. నాకు దిగులెందుకని చెప్పలేదో, నా నోటికి జడిసి చెప్పలేదో, లేక ఆ పావుగంట తనకంటూ ఉంచుకోవాలని చెప్పలేదో. పోయిన ఏడాదైతే అడిగేదాన్ని. ఏదో ఒక జవాబు వచ్చేది. ఇప్పుడు ఏదడిగినా సరే అంటారు.

*

ఎనిమిదింటికల్లా మేస్త్రి బల్లమీద మగ్గు పెట్టాను, నోటుపుస్తకం పెట్టాను.

"గాస్కెట్ కాదు మేస్త్రిగారూ. నీళ్లు మరిగి పోవడం లేదు. పోతున్నాయి కాబట్టే మరుగుతున్నాయి. నాలుగేళ్లనుంచి పోతున్నాయి. రోజూ ఇంత." పైగీత చూపించాను. "ఆయన పోస్తూ వచ్చారు. ఆయన మంచం పట్టాక పోసేవాళ్లు లేరు."

ఆయన నోటుపుస్తకం తిరగేశాడు. వేలు ఒకచోట ఆగింది. "హీటర్ పెడితే చల్లగాలొచ్చిందా?"

"అదీ పోయిందనుకున్నాను."

"అయ్యో అమ్మా! ఈ ముక్క ముందే చెప్పొద్దూ! హీటర్‌లోకి వచ్చేదీ ఆ నీళ్లే. నీళ్లుంటేనే వేడి. చల్లగాలొచ్చిందంటే లోపల నీళ్లు లేనట్టే." ఇంజన్ ఆడించి, బాగా వేడెక్కాక, చిన్న అద్దం ఒకటి పట్టుకుని వాటర్ పంపు కిందకి దూరాడు. చాలాసేపటికి "ఇదిగో" అన్నాడు. పంపు అడుగున సన్నటి బెజ్జం. అందులోంచి చెమటలా నీరు ఊరి, వేడి ఇనుము మీద పడి, కిందకి జారేలోపే ఆవిరైపోతోంది. నేల మీద తడి ఎలా ఉంటుంది?

"చల్లగా ఉన్నప్పుడు చూశాను నేను. చల్లగా ఉంటే కారదు." ఆయన గొంతులో సిగ్గు వినిపించింది. "సారు మహానుభావుడు. కాని ఆ కుళాయి నీళ్లు పోసి పోసి రేడియేటర్ గొట్టాలన్నిటికీ సున్నం పట్టించేశారు. సగం మూసుకుపోయుంటాయి. నింపిన రోజు కూడా ముల్లు మధ్యలో ఉండకపోవడం అందుకే."

"రేపు మూడు గంటలకి నేను ఆసుపత్రిలో ఉండాలి."

"రేపు మూడింటికా!"

"మూడింటికి."

నా మొహం చూసి ఆయన చెవి వెనక స్క్రూడ్రైవరు తీశాడు.

రేడియేటర్‌ని విప్పి పక్కవీధి అతనికి పంపాడు. అతను పైతొట్టి ఊడదీసి, సన్నటి కమ్మీలతో గొట్టం గొట్టం పొడిచి సున్నం రాల్చాడట. బుధవారం పన్నెండింటికి పంపు వచ్చింది. ఒంటిగంటన్నరకి రేడియేటర్ బిగించి, ఈసారి ఆకుపచ్చ కూలెంట్ నింపాడు. "అమ్మా, ఇంక కుళాయి నీళ్ల మొహం చూపించొద్దు దీనికి."

కొండ మీద ముల్లు మధ్యగీత దగ్గరే ఉంది. మలుపు మలుపుకీ ఆయన దాన్ని చూస్తున్నారు. నేను ఆయన్ని చూస్తున్నాను. బోర్డు దాటాం. మూడు కావడానికి నాలుగు నిమిషాలుండగా వరండాలో కూర్చున్నాం.

*

గురువారం పొద్దున్న ఆయన షెడ్డులోకి వెళ్లారు. నేను ఆపలేదు. మగ్గు ముందురోజే తెచ్చి టైరులో పెట్టేశాను. మగ్గు నింపుకుని వచ్చి మూత తీశారు. లోపల అంచుదాకా ఆకుపచ్చగా, నిండుగా ఉంది.

పోయడానికి చోటు లేదు. ఒక చేత్తో మగ్గు, ఒక చేత్తో మూత పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డారు. నేను గుమ్మంలోంచి, బాగైపోయిందండీ, ఇంక పొయ్యక్కర్లేదు, అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో. ఆయన మగ్గులో నీళ్లు నేలమీద పారబోసి లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజంతా సరే అని కూడా అనలేదు. శుక్రవారం బొమ్మలన్నీ అయిపోయేదాకా ఆ అమ్మాయి వంకైనా చూడలేదు. "ఏమైంది ఆంటీ?" అంది ఆ అమ్మాయి. నాకు తెలుసు, చెప్పలేదు.

శనివారం తెల్లవారుతుండగా లేచాను. రేడియేటర్ అడుగున చిన్న కుళాయి ఉంటుంది. పైన మూత తీస్తేగాని కిందనుంచి కారదు. మేస్త్రి అది విప్పడం చూశాను. మూత తీసి, కుళాయి విప్పి, మగ్గులో పైగీత దాకా కూలెంట్ పట్టి, రెండూ బిగించాను. దాన్ని మూత ఉన్న డబ్బాలో పోసి, డబ్బా మీద పెద్ద అక్షరాలతో "కారుది" అని రాసి, పెరటి కుళాయి పక్కన పెట్టాను. చేతులు కడుక్కుని లోపలికొచ్చాను.

ఆయన లేచాక చెప్పాను. "ఏమండీ, కుళాయి నీళ్లు పొయ్యొద్దన్నాడు మేస్త్రి. ఆ డబ్బాలోవి పొయ్యమన్నాడు."

ఆయన వెళ్లారు. డబ్బాలోంచి మగ్గులోకి, మగ్గులోంచి రేడియేటర్‌లోకి. ఎక్కడనుంచి తీశానో అక్కడికే. అంచుదాకా వచ్చి ఆగింది. తుడిచి, మడతపెట్టి, నా వంక తిరిగి, పెదవులు కూడగట్టుకున్నారు. నేను లెక్కపెట్టాను. ఏడు దగ్గర అన్నారు.

"మూ... త."

సోమవారం ఆ అమ్మాయి తన కాగితాలన్నీ తిరగేసింది. "మూతా? మన అట్టల్లో మూత లేదే ఆంటీ!"

వేసవి అయ్యేసరికి పంతొమ్మిది మాటలు వచ్చాయి. నీళ్లు, గుడ్డ, కాఫీ, కొండ. తాడు. కుక్క కూడా వచ్చింది, మేం ఎన్నడూ పెంచకపోయినా. ఆసుపత్రి వాళ్లు పర్వాలేదన్నారు. ఆయన నన్ను పిలిచే "ఏమోయ్" మాత్రం రాలేదు. దానికి బొమ్మ ఉండదు కదా. ఎవరికని చెప్పను?

తొలకరి పడిన మర్నాడు, ఎప్పటిలాగే చీకటుండగానే వెళ్లి కూలెంట్ తీసి, డబ్బా నింపి వచ్చి, షెడ్డు కనిపించే కిటికీ దగ్గర నా కప్పుతో నిలబడ్డాను. వాన చప్పుడులో తొందరపడి రేడియేటర్ కుళాయి సరిగ్గా బిగించలేదనుకుంటాను. ఆయన బానెట్ ఎత్తబోయి ఆగారు. మెల్లగా, బంపరు పట్టుకుని, ఒక మోకాలి మీద కూర్చున్నారు. వంగి కిందకి చూశారు. రేడియేటర్ అడుగున పచ్చటి చుక్క ఒకటి వేలాడుతోంది.

తల తిప్పి పెరటి కుళాయి పక్కనున్న డబ్బా వంక చూశారు. తరవాత ఎడమచేత్తో ఆ చుక్క తుడిచి, కుళాయి కొంచెం బిగించారు. లేచి నిలబడ్డారు. ఇంటివైపు తిరుగుతారేమోనని నేను కిటికీ పక్కకి జరిగాను.

మళ్లీ చూసేసరికి మగ్గు కళ్లకి ఎదురుగా ఎత్తి పట్టుకుని, డబ్బాలోంచి పైగీత దాకా నింపుతున్నారు.